మబ్బును చూసి ముంత ఒలకబోసుకున్నట్లు: ఈ సామెత వెర్లాండర్ విషయంలో అతుకుతుందా?

మిషిగన్ రాష్ట్రంలోని నోవై నుంచి ఒక సభ్యుడు మొన్న ఇక్కడ ఒక ప్రశ్న అడిగారు. "డెట్రాయిట్ టైగర్స్ బేస్‌బాల్ జట్టు 2017లో తన పేరున్న ఆటగాడు జస్టిన్ వెర్లాండర్‌ను హ్యూస్టన్ ఆస్ట్రోస్‌కు ఇచ్చేసి, బదులుగా ముగ్గురు కుర్రాళ్లను తెచ్చుకుంది. ఆ మాట వచ్చినప్పుడల్లా మా మామగారు 'మబ్బును చూసి ముంత ఒలకబోసుకున్నారు' అంటారు. సామెత ఇక్కడ సరిగ్గా అతుకుతుందా?"

మామగారి బాధ నాకు బాగా తెలుసు. నేనూ ఆ జట్టు అభిమానినే. అయినా సామెత అతకదనే నా అభిప్రాయం. రెండు ముక్కల్లో తేలే విషయం కాదు కాబట్టి విడిగా రాస్తున్నాను.

ముందు ఆట తెలియనివారి కోసం కొంత. బేస్‌బాల్‌లో బంతి విసిరేవాడు పిచ్చర్. క్రికెట్‌లో ఓవరు ఓవరుకీ బౌలర్ మారతాడు. ఇక్కడ ఆట మొదలుపెట్టిన పిచ్చరే చేయి అలసిపోయేదాకా వరసగా విసురుతాడు, ఆ తర్వాత నాలుగైదు రోజులు విశ్రాంతి తీసుకుంటాడు. మంచి పిచ్చర్ ఉన్న రోజున జట్టు బరువంతా అతని భుజం మీదే ఉంటుంది. జట్లు ఆటగాళ్లను ఇచ్చిపుచ్చుకుంటాయి. ఒప్పందం కూడా ఆటగాడితోపాటే కొత్త జట్టుకు వెళ్లిపోతుంది. ఓడిపోతున్న జట్టు తన పేరున్న పిచ్చర్‌ను ఇచ్చి, ఇంకా కింది స్థాయి లీగుల్లో ఆడుతున్న కుర్రాళ్లను తీసుకోవడం అక్కడ ఏటా జరిగేదే. ఆ కుర్రాళ్లను ప్రాస్పెక్టులు అంటారు. మన పత్రికలైతే వర్ధమాన ఆటగాళ్లు అని రాస్తాయి.

ఇక వెర్లాండర్. 2004లో జట్లు వంతులవారీగా కొత్త ఆటగాళ్లను ఎంచుకున్నప్పుడు రెండో స్థానంలో టైగర్స్ తీసుకున్న కుర్రాడు. 2005లో మొదటి ఆట. అప్పటి నుంచి పదమూడు సీజన్లు అదే చొక్కా, 183 విజయాలు. 2011లో ఒక్క సీజన్‌లోనే 24 ఆటలు గెలిచి, ఉత్తమ పిచ్చర్‌కు ఇచ్చే సై యంగ్ పురస్కారాన్నీ, లీగు మొత్తానికి అత్యంత విలువైన ఆటగాడి పురస్కారాన్నీ రెండింటినీ తెచ్చుకున్నాడు. రాకపోయిందల్లా ఏటా విజేతను తేల్చే చివరి పోరు, ప్రపంచ సిరీస్ ఒక్కటే. 2006లో, 2012లో డెట్రాయిట్ అంచుదాకా వెళ్లి ఓడింది.

2017 ఆగస్టు నాటికి అతని వయసు 34. జట్టు ఆ ఏడాది 98 ఆటలు ఓడింది. ఆగస్టు 31 అర్ధరాత్రిలోపు కొత్త జట్టులో చేరినవాడికే ప్లేఆఫ్‌లో ఆడే అర్హత. పైగా లీగులో పదేళ్లు, అందులో చివరి ఐదేళ్లు ఒకే జట్టులో గడిపిన ఆటగాడిని అతని సమ్మతి లేకుండా పంపించడానికి వీల్లేదు. అంటే చివరి మాట అతనిదే. ఆ రాత్రి గడువుకు ఇంకా క్షణాలు మాత్రమే మిగిలి ఉండగా వ్యవహారం పూర్తయింది. డెట్రాయిట్‌కు దక్కినవాళ్లు ఫ్రాంక్లిన్ పెరెజ్ అనే పిచ్చర్, డాజ్ కామెరాన్ అనే ఔట్‌ఫీల్డర్ (మైదానం వెనక భాగాన్ని కాచేవాడు), జేక్ రోజర్స్ అనే క్యాచర్ (వికెట్ కీపర్‌లా పిచ్చర్ బంతులను పట్టేవాడు).

ఇప్పుడు సామెతకు వద్దాం. "మబ్బులో నీళ్లు చూసి ముంతలో నీళ్లు ఒలకబోసుకున్నట్లు" అని కొందరు పూర్తిగా అంటారు. మనం మామూలుగా మబ్బు మీదే దృష్టి పెడతాం. రాని వానను నమ్మడమే తప్పు అన్నట్టు వాడేస్తాం. కానీ సామెత బలమంతా చివరి క్రియలో ఉంది. "ఒలకబోసినట్లు" అనలేదు, "ఒలకబోసుకున్నట్లు" అన్నారు. ఆ "కొను" చేరడంతో నష్టం వచ్చి పోసినవాడి మీదే పడుతుంది. నీళ్లు తనవి, దాహం తనది, పోసిందీ తనే. ఒలికిన నీళ్లు మట్టిలో ఇంకిపోయాయి, ఎవరి గొంతూ తడవలేదు. వానను నమ్మినందుకు సామెత ఎవరినీ తప్పు పట్టదు. రైతు బతుకంతా ఆ నమ్మకం మీదే నడుస్తుంది. అక్కరకు వచ్చే నీటిని అక్కర ఉండగా వృథా చేసుకోవడమే దాని కంటికి తప్పు.

వెర్లాండర్ విషయంలో ఇవేవీ జరగలేదు. నీళ్లు మట్టిపాలు కాలేదు, హ్యూస్టన్ తాగింది. సెప్టెంబరులో అక్కడ ఐదు ఆటలు ఆడి ఐదూ గెలిచాడు. అక్టోబరులో న్యూయార్క్ యాంకీస్ మీద ఒక్కడే ఆట మొత్తం 124 బంతులు విసిరి 13 మందిని స్ట్రైకౌట్ (బంతి సరిగా కొట్టనివ్వకుండానే అవుట్) చేశాడు. యాంకీస్‌తో జరిగిన ఆ ప్లేఆఫ్ సిరీస్‌లో ఉత్తమ ఆటగాడు అతనే. ఆ ఏడాదే హ్యూస్టన్ ప్రపంచ సిరీస్ గెలిచింది. మరోవైపు, 98 ఆటలు ఓడిన డెట్రాయిట్‌కు ఆ నీళ్లతో తీర్చుకునే దాహమే లేదు.

అయితే అభిమానులు ఎందుకంత కుమిలిపోయారు? దానికి ఈ సామెత వద్దు, మరొకటి కావాలి. "ఏరు దాటేదాకా ఓడమల్లయ్య, ఏరు దాటాక బోడిమల్లయ్య." పదమూడేళ్లు భుజం అరగదీసుకున్న మనిషిని లెక్కల కోసం సాగనంపారన్న కోపం అది. అయితే ఒక్క మాట చెప్పాలి. ఆ కోపం జట్టు యాజమాన్యం మీదే తప్ప అతని మీద కాదు. 2018 సెప్టెంబరులో ప్రత్యర్థి చొక్కాతో టైగర్స్ సొంత మైదానం కొమెరికా పార్కుకు వచ్చినప్పుడు డెట్రాయిట్ జనం లేచి నిలబడి చప్పట్లు కొట్టారు. ఆ చప్పట్లను తలుచుకుంటే నాకు ఇప్పటికీ గర్వంగానే ఉంటుంది.

ఈ సామెతను తూచడానికి డెట్రాయిట్ చరిత్రలోనే మరో గొప్ప ఉదాహరణ ఉంది, సరిగ్గా ముప్పై ఏళ్ల ముందు. 1987 ఆగస్టులో టైగర్స్ మబ్బును ఇచ్చి ముంతను తెచ్చుకుంది. టొరంటోతో హోరాహోరీగా పోటీపడుతున్న రోజులవి. 36 ఏళ్ల డోయిల్ అలెగ్జాండర్‌ను అట్లాంటా నుంచి తీసుకుని, బదులుగా జాన్ స్మోల్ట్జ్ అనే ఇరవై ఏళ్ల కుర్రాడిని ఇచ్చింది. అలెగ్జాండర్ తొమ్మిది గెలిచాడు, ఒక్కటీ ఓడలేదు. సీజన్ చివరి రోజున టొరంటోను 1-0తో ఓడించి టైగర్స్ తన డివిజన్‌లో (లీగులోని తన విభాగంలో) మొదటి స్థానం గెలిచింది. ఆ తర్వాత మిన్నెసోటా చేతిలో ఓడింది. రెండేళ్లకు అలెగ్జాండర్ ఆటకు దూరమయ్యాడు. స్మోల్ట్జ్ అట్లాంటాలో 1996లో సై యంగ్ గెలిచి, 2015లో ఆటలోని మహామహులకు దక్కే గౌరవం, హాల్ ఆఫ్ ఫేమ్‌లో చేరాడు. అతను పెరిగింది మిషిగన్‌లోనే ఉన్న లాన్సింగ్‌లో, చిన్నప్పటి నుంచీ టైగర్స్ అభిమాని. ఇది తెలిశాక ఎవరికైనా కడుపు తరుక్కుపోతుంది. అయినా 1987 వేసవిలో ఆ జట్టుకు దాహం ఉంది, ముంత చేతికి వచ్చింది, తాగారు. నేను తప్పు పట్టలేను.

వ్యాఖ్యల్లో వచ్చినవాటికి ఇక్కడే జవాబులు రాస్తున్నాను.

విజయవాడ నుంచి ఒక విశ్రాంత ఉపాధ్యాయురాలు "దీపం ఉండగానే ఇల్లు చక్కబెట్టుకోవాలి అన్నది యాజమాన్యం వాదానికి సరిపోతుంది కదా" అన్నారు. బాగా సరిపోతుందమ్మా. చేతిలో సత్తువ ఉన్నంతకాలమే పిచ్చర్‌కు మారకం విలువ, ఏడాది ఆగితే అదీ తగ్గవచ్చునని వారి లెక్క. కానీ ఆ దీపం వాళ్లు అనుకున్నదానికన్నా చాలాకాలం వెలిగింది. వెర్లాండర్ 2019లో ఒకసారి, 39 ఏళ్ల వయసులో 2022లో మరోసారి సై యంగ్ గెలిచాడు, రెండూ హ్యూస్టన్ తరఫునే. కాబట్టి సామెత సరైనదే, నూనె కొలత మాత్రం తప్పింది.

వరంగల్ నుంచి ఒక సోదరుడు, కుర్రాళ్ల మీద ఆశలు పెట్టుకున్న అభిమానులకు "ఆలు లేదు చూలు లేదు కొడుకు పేరు సోమలింగం" అన్నారు. దీనితో నేను ఏకీభవించను. ఆ సామెతలో పునాదే లేదు, పెళ్లే కాలేదు. ఇక్కడ కుర్రాళ్లు నిజంగా ఉన్నారు, ఆడుతున్నారు, చూసినవాళ్లు మెచ్చుకున్నారు. పెరెజ్ అప్పటికి 19 ఏళ్లవాడు, ముగ్గురిలోనూ అందరూ ముందుగా చెప్పిన పేరు అతనిదే. వరస గాయాలు అతన్ని నిలబడనివ్వలేదు, డెట్రాయిట్ తరఫున అత్యున్నత స్థాయి అయిన మేజర్ లీగులో ఒక్క బంతి కూడా విసరలేకపోయాడు. ఒక పిల్లవాడి భుజం దెబ్బతింటే ఆశపడినవాళ్లను ఎగతాళి చేయడం నాకు నచ్చదు. కామెరాన్ మూడు సీజన్లు అడపాదడపా ఆడి వెళ్లిపోయాడు.

"వర్ధమాన" అనే మాట మీద కూడా ఒకరు అడిగారు. ఆ మాటకు పెరుగుతున్న అని అర్థం. పెరుగుతాడో లేదో తెలియని కుర్రాడిని ముందే పెరుగుతున్నవాడిగా లెక్కగట్టేస్తుంది. పత్రికలకు సౌకర్యం కాబట్టి అది పోదు. నేను మాత్రం "ఆశలు పెట్టుకున్న కుర్రాళ్లు" అనే రాస్తాను. నాలుగు అక్షరాలు ఎక్కువైనా ఆశ ఎవరిదో అందులో తెలుస్తుంది.

నోవై సభ్యుడు మళ్లీ రాశారు. 2014లో టైగర్స్‌కు ఉన్న, ఆట మొదలుపెట్టే ప్రధాన పిచ్చర్లు ఐదుగురూ బయటికి వెళ్లాకే ప్రపంచ సిరీస్ గెలిచారని, దీన్నైనా ముంత ఒలకబోసుకోవడం అనవచ్చా అని మామగారు అడిగారట. విషయం నిజమే. వెర్లాండర్ 2017లో హ్యూస్టన్ తరఫున, ప్రైస్, పోర్సెల్లో 2018లో బోస్టన్ తరఫున, షెర్జర్, ఆనిబాల్ సాంచెజ్ 2019లో వాషింగ్టన్ తరఫున గెలిచారు. కానీ అందరినీ కుర్రాళ్ల కోసం ఇచ్చేయలేదు. షెర్జర్ ఒప్పందం ముగిసి తానే వెళ్లాడు. సాంచెజ్‌ను జట్టు కొనసాగించలేదు. ఐదూ ముంతలే, ఒలికిన దారులు వేరు. ఐదు ముంతలు నిండుగా ఉన్న 2014లోనే టైగర్స్ బాల్టిమోర్ చేతిలో మూడు ఆటల్లో ఇంటికి వచ్చేసింది కదా, అది మామగారికి గుర్తుచేయండి. నాకు అన్నిటికన్నా ఎక్కువ బాధ కలిగించేది ఆ మూడు ఆటలే.

మూడో కుర్రాడు జేక్ రోజర్స్ మాట చెప్పలేదని అదే వ్యాఖ్యలో ఆక్షేపించారు. అతను నిలబడ్డాడు. 2023లో 21 హోమ్‌రన్లు (మన సిక్సర్‌లా బంతిని హద్దు దాటించే దెబ్బలు) కొట్టాడు. 2024లో టైగర్స్ పదేళ్ల తర్వాత ప్లేఆఫ్‌కు వెళ్లి, మొదటి సిరీస్‌లో రెండు ఆటల్లోనే ప్రత్యర్థిని ఇంటికి పంపింది. మొదటి ఆటలో టైగర్స్ పిచ్చర్ స్కూబల్ తొమ్మిది ఇన్నింగ్స్‌లో ఆరింటిలో ఒక్క పరుగూ ఇవ్వకుండా విసిరిన బంతులను పట్టిన క్యాచర్ రోజర్సే. ఆ ఆటలు జరిగింది హ్యూస్టన్‌లో, ఓడింది ఆస్ట్రోస్.

చివరగా నా ప్రశ్న. మీ వైపు "ఒలకబోసుకున్నట్లు" అంటారా, "పారబోసుకున్నట్లు" అంటారా? ముంతకు బదులు కుండ, చెంబు అన్న రూపాలు విన్నవారుంటే ఊరి పేరుతో సహా కింద రాయండి.