గే అయ్యుండి కాలేజీ పిల్లలకి సెక్సువల్ హెల్త్ కౌన్సెలింగ్ చేసేవాళ్లు గోదావరి జిల్లాల్లో ఎవరైనా ఉన్నారా?

లంకగాలి:
కాకినాడ వైపు ఐసీటీసీలో, అంటే గవర్నమెంటు హెచ్ఐవీ టెస్టు, కౌన్సెలింగ్ సెంటర్లో, కౌన్సెలర్‌నండి, గేని. రెడ్ రిబ్బన్ క్లబ్ (కాలేజీల్లో హెచ్ఐవీ అవగాహన క్లబ్బు) ప్రోగ్రాములకి కాలేజీలకి వెళ్తుంటా, స్టేజీ మీంచి అడగమంటే ఒక్కడూ నోరు విప్పడు, అందుకే పేరు రాయకుండా చీటీలు వెయ్యమని అట్టపెట్టె పెడతా. మొన్నొకటి బస్ టికెట్ వెనకాల రాసుంది, "అబ్బాయితో ఉన్నాను సార్, టెస్టుకొస్తే ఇంటికి ఫోన్ చేస్తారా" అని. చెయ్యరమ్మా అని మైకులోనే చెప్పా. 2017 హెచ్ఐవీ చట్టం ఉంది, 18 నిండినవాడికి వాడు ఒప్పుకోకుండా టెస్టు చెయ్యకూడదు, రిజల్టు ఇంట్లోవాళ్లకి చెప్పకూడదు. ఇంత ధైర్యం చెప్పేవాణ్ణి, నా సంగతి మాత్రం ఆఫీసులో ఎవరికీ తెలీదు. బయటపడ్డవాళ్లుంటే తర్వాతేమైందో చెప్పండి.

కోటిపల్లిరేవు:
నేను నర్సునండి. ఒక ప్రైవేట్ కాలేజీ డిస్పెన్సరీలో చేసేవాణ్ణి, మేనేజ్‌మెంట్‌కి తెలిసింది, మర్నాటి నుంచి బాయ్స్ హాస్టల్ డ్యూటీ తీసేసి మందుల స్టాక్ రాసుకోమన్నారు. పేరెంట్స్ ఏమంటారో అని వాళ్ల బాధ, ఒక్క పేరెంట్ కూడా ఏమీ అన్లేదు. గే సంబంధాలు నేరం కాదని 2018లో సుప్రీంకోర్టు 377 సెక్షన్ మీద తీర్పిచ్చాక కేసు భయం పోయింది గానీ ఉద్యోగం భయం ఎక్కడికి పోయిందండి? మానేశా. ఇప్పుడు సురక్ష క్లినిక్‌లో (గవర్నమెంటు సుఖవ్యాధుల క్లినిక్) ఉన్నా, ఇక్కడ డాక్టరమ్మకి తెలుసు, పనెలా చేస్తున్నాననేదే చూస్తారు.

భీమవరం బీటెక్:
అన్నా, స్టూడెంట్ వైపు నుంచి చెప్తా. కండోమ్ చిరిగింది, భయమేసి ఒక క్లినిక్‌కి వెళ్తే పెళ్లయిందా అనడిగి క్లాసు పీకారు తప్ప మందు సంగతి ఎత్తలేదు. హెచ్ఐవీ హెల్ప్‌లైన్ 1097కి ఫోన్ చేస్తే ఎక్కడికెళ్లాలో చెప్పారు. పెద్దాసుపత్రిలో కౌన్సెలర్ గారు "అబ్బాయా అమ్మాయా" అని ఊరి పేరు అడిగినంత మామూలుగా అడిగారు, నాకు అక్కడే ఏడుపొచ్చేసింది. హెచ్ఐవీ సోకకుండా వేసుకునే పెప్ మాత్రలు 72 గంటల్లోపు మొదలెట్టాలంట, ఎంత తొందరగా అయితే అంత మంచిదంట, 28 రోజులు వేసుకున్నా. ఆయన గేనో కాదో తెలీదు గానీ మీలాంటివాళ్లు ఆ కుర్చీలో ఉండాలన్నా.

డెల్టా డాక్టర్:
హెచ్ఐవీతో ఆపకండి, సిఫిలిస్ టెస్టు, హెపటైటిస్ బి టీకా కూడా చెప్పండి. మావాణ్ణి మార్చండి డాక్టరు గారూ అని కొడుకుల్ని తీసుకొచ్చే తల్లిదండ్రులు ఇంకా ఉన్నారు, అలాంటి ట్రీట్‌మెంట్ చెయ్యడం డాక్టరుకి తప్పని నేషనల్ మెడికల్ కమిషన్ 2022లోనే చెప్పింది. ఇది లెక్చరర్లకి కూడా తెలియాలి.

లంకగాలి:
సిఫిలిస్ సంగతి కలుపుతానండి, వచ్చేవారం అమలాపురం వైపు ప్రోగ్రాం ఉంది. రేవు గారూ, మీ క్లినిక్ టైమింగ్స్ మెసేజ్ పెట్టండి, అటువైపు పిల్లల్ని మీ దగ్గరకే పంపుతా. ఆఫీసులో ముందు మా మెడికల్ ఆఫీసర్ గారొక్కరికే చెప్దామనుకుంటున్నా.