14 శాతం ఉండగానే ఫోను ఆగిపోతోంది, సున్నా దాకా దించి ఎక్కిస్తే బాగుపడుతుందా?

మూడేళ్లుగా వాడుతున్న నా ఫోను ఈమధ్య 14 శాతం చూపిస్తూనే ఉన్నట్టుండి ఆగిపోతోంది. చార్జర్ తగిలించి ఆన్ చేస్తే 9 శాతం అంటుంది. "సున్నా దాకా వాడి, ఆ తర్వాతే చార్జింగ్ పెట్టు, లేకపోతే బ్యాటరీ పాడవుతుంది" అని నాన్నగారు మొదటినుంచీ పట్టుబడుతున్నారు. ఆ జాగ్రత్త పాత నికెల్-కాడ్మియం బ్యాటరీలది. ఇప్పటి ఫోన్లలో ఉండే లిథియం అయాన్ బ్యాటరీలకు అది అక్కర్లేదని, పైగా తరచూ పూర్తిగా ఖాళీ చేయడం వాటికి చేటని చదివాను. రాత్రంతా పెట్టినా నిండగానే ఫోను తనే చార్జింగ్ ఆపుకుంటుందనీ, అసలు శత్రువు వేడి అనీ తెలుసు. ఒకసారి చార్జింగ్ పెట్టిన ఫోను దిండు కిందికి జారిపోయి, తీసేసరికి చేత్తో పట్టుకోలేనంతగా కాలింది. ఆ భయం ఇంకా పోలేదు.

నాకు తేలనిది ఇదే: ఒక్కసారి పూర్తిగా దించి 100 దాకా ఎక్కిస్తే శాతం లెక్క సరిపడుతుందా, లేక బ్యాటరీ అరిగిపోయినట్టేనా? ఆరు నెలలుగా చార్జింగ్ 80 శాతం దగ్గర ఆగేలా పెట్టుకున్నాను, లెక్క తప్పడానికి అది కారణమా? ఫోను వెనుక ఉబ్బు ఏమీ లేదు. ఇదే ఇబ్బంది పడినవారు ఉంటే, బ్యాటరీ మార్చకుండా ఎలా సరిచేసుకున్నారో దయచేసి చెప్పండి.