పార్టీని వీడి దానిపైనే పోరాడిన తాతగారి కాగితాలను ఎవరికి అప్పగించాలి?

ప్రశ్న (హనుమకొండ నుంచి):
మా తాతగారు 1947 నుంచి జనగామ ప్రాంతంలో కమ్యూనిస్టు దళాలకు ఉత్తరాలు చేరవేసి, పట్టుబడి జైలుకు వెళ్లారు. 1951 అక్టోబరులో తెలంగాణ సాయుధ పోరాటాన్ని విరమించిన తరువాత విడుదలయ్యారు. 1956లో సోవియట్ సేనలు హంగెరీలో ప్రవేశించడంతో పార్టీకి రాజీనామా చేసి, చివరి వరకు కమ్యూనిజానికి వ్యతిరేకంగా కరపత్రాలు అచ్చువేయించి ఊరూరా పంచారు. ఆయన ట్రంకుపెట్టె ఇప్పుడు నా దగ్గర ఉంది. పోరాట కాలపు కాగితాలను మాత్రమే గ్రంథాలయానికి ఇద్దామని బాబాయిగారు, తరువాతి కాలపువి మాత్రమే ఇద్దామని పెదనాన్నగారు పట్టుబడుతున్నారు. విడదీయడానికి నాకు మనసొప్పడం లేదు.

విశ్రాంత గ్రంథపాలకుడు, వరంగల్:
అమ్మా, విడదీయకండి. 1948 నాటి కరపత్రం అంచున ఆయనే పదేళ్ల తరువాత జవాబు రాసుకొని ఉంటే, దానిని ఏ కట్టలో పెడతారు? ఆయన ఏ కాగితం పక్కన ఏది ఉంచారన్నదే ఒక సాక్ష్యం కాబట్టి, ముందుగా పెట్టెను ఉన్నదున్నట్టుగా ఫోటోలు తీసి, కట్టలకు వరుస సంఖ్యలు వేయండి. చిరుగులకు సెల్లోటేపు అంటించవద్దు, లామినేషన్ అసలే వద్దు. ఆ జిగురు కాగితాన్ని పసుపుబారజేస్తుంది, తరువాత ఊడదీయడం కష్టం. వానాకాలం రాకముందే పెట్టెను నేల మీద నుంచి ఎత్తులో పెట్టండి. హనుమకొండలో 1904లో స్థాపించిన రాజరాజ నరేంద్ర ఆంధ్ర భాషా నిలయాన్ని, హైదరాబాదు తార్నాకలోని రాష్ట్ర ఆర్కైవ్స్‌ను సంప్రదించండి.

చరిత్ర పరిశోధకురాలు, కరీంనగర్:
అమెరికాలో బెంజమిన్ గిట్లో 1924, 1928 ఎన్నికలలో కమ్యూనిస్టుల తరఫున ఉపాధ్యక్ష పదవికి పోటీచేసి, 1929లో పార్టీ నుంచి బహిష్కృతుడై, తరువాత కమ్యూనిజాన్ని బాహాటంగా వ్యతిరేకించాడు. ఆయన కాగితాలు కొన్ని కాలిఫోర్నియాలోని హూవర్ సంస్థలో, కొన్ని నార్త్ కరోలినా విశ్వవిద్యాలయపు షార్లెట్ గ్రంథాలయంలో ఉన్నాయి. ఒక్క మనిషిని చదవడానికి దేశం ఈ చివరి నుంచి ఆ చివరికి వెళ్లవలసి వస్తుంది. మీ తాతగారి విషయంలో ఆ ఎడబాటు రాకూడదని నా కోరిక.
మరొక మాట. దళాలకు అన్నం పెట్టినవారి పేర్లు, సమాచారం అందించినవారి పేర్లు ఉత్తరాలలో ఉండవచ్చు, వారి పిల్లలు నేటికీ ఆ ఊళ్లలోనే ఉండవచ్చు. అలాంటి ఉత్తరాలను చించకుండా, కొన్నేళ్ల వరకు తెరవరాదన్న షరతును దానపత్రంలో రాయించి అప్పగించండి. గిట్లోతో పాటే బహిష్కృతుడైన జే లవ్‌స్టోన్ 1990లో మరణించగా, హూవర్‌లోని ఆయన కాగితాలు ఐదేళ్ల తరువాతే పాఠకులకు అందాయి.

ప్రశ్న అడిగినవారు:
ఇద్దరికీ కృతజ్ఞతలు. మీ సమాధానాలను పెదనాన్నగారికి చదివి వినిపించాను. షరతు రాయించవచ్చునని తెలిశాక ఆయన మెత్తబడ్డారు. తాతగారికి ఆశ్రయమిచ్చిన ఒక కుటుంబం పేరు బయటపడుతుందన్నదే తన భయమని అప్పుడు చెప్పారు. ఆదివారం బాబాయిగారి సమక్షంలోనే పెట్టె తెరిచి ఫోటోలు తీయడం మొదలుపెడతాము.