అప్‌డేట్: మా లైవ్ మ్యూజిక్ హాలుకు సర్టిఫికెట్ వచ్చేసింది

మా మీటరులో అంతా సరిగ్గానే కనిపించినా, బయటికి పోయే శబ్దం పరీక్షలో తప్పి మా చిన్న హాలుకు ప్రభుత్వ గుర్తింపు ఆగిపోయిందని అప్పట్లో అడిగాను కదా, మొత్తానికి వచ్చింది. సలహాలిచ్చిన అందరికీ థాంక్స్.

"బేస్ స్పీకర్లు చూడండి" అన్నవారి మాటే నిజమైంది. అకౌస్టిక్ ఇంజినీరు (శబ్ద నిపుణుడు) గోడకు అవతలి వైపు నా అరచేయి ఆనించమన్నారు. దరువు చేతికి తెలిసింది! స్టేజీ గోడకు ఆనుకుని ఉండటంతో కంపనం నేరుగా గోడలోకి పోతోంది. స్టేజీని గోడకు దూరంగా జరిపి, స్పీకర్ల కింద మెత్తటి రబ్బరు ప్యాడ్లు వేశాం.

మా శబ్దం కొలిచే మీటరు దీన్ని ఎందుకు పట్టుకోలేదంటే, అది 'ఎ' స్కేల్‌లో (మన చెవికి వినిపించే తీరుకు దగ్గరగా కొలిచే పద్ధతి) ఉంది. ఆ స్కేలు 63 హెర్ట్జ్ దగ్గర, అంటే లోతైన బేస్ శబ్దాన్ని, దాదాపు 26 డెసిబెల్స్ తగ్గించి చూపిస్తుంది. తనిఖీవాళ్లు మాత్రం బేస్‌ను పెద్దగా తగ్గించని 'సి' స్కేల్‌లో కొలిచారు.

గోడలకు ఫోమ్ మాత్రం కొట్టించకండి. లోపలి ప్రతిధ్వని తగ్గుతుందే గానీ బయటికి పోయే శబ్దం ఆగదు.