అప్‌డేట్: 85 వేలు తిరిగి వచ్చాయి

పోయినసారి అడిగింది గుర్తుందా, చెల్లి కాలేజీ ఫీజు కోసం నాన్న ఖాతాకి ఐఎంపీఎస్‌లో (అప్పటికప్పుడు డబ్బు చేరే బ్యాంకు బదిలీ) 85,000 పంపితే నా ఖాతాలో కట్ అయ్యాయి కానీ ఆయనకి చేరలేదు, కూకట్‌పల్లిలో మా బ్రాంచి వాళ్లేమో "మా వైపు నుంచి వెళ్లిపోయాయండీ" అని చేతులు దులుపుకున్నారు. ఆ డబ్బు నిన్న వచ్చింది! నాన్నకి ఫోన్ చేసి చెప్తుంటే నాకే గొంతు పట్టేసింది.

మీలో ఒకరు చెప్పినట్టే నాన్న తన బ్యాంకుకి వెళ్లి, ఆ వారం స్టేట్‌మెంట్ మీద స్టాంపు వేయించుకుని ఫొటో పంపారు. అందులో నా డబ్బు లేదు, అంతే, అదే సాక్ష్యం. దాన్నీ, లావాదేవీ 12 అంకెల రిఫరెన్స్ నంబర్‌నీ జతచేసి మా బ్యాంకులో ఫిర్యాదులు చూసే నోడల్ ఆఫీసర్‌కి మెయిల్ పెట్టాను. ఇలాంటివి మరుసటి రోజుకల్లా వెనక్కి వేయాలని, దాటితే రోజుకి 100 రూపాయలు ఇవ్వాలని రిజర్వ్ బ్యాంక్ 2019 సర్క్యులర్‌లో ఉందని కూడా రాశాను.

మెయిల్ పెట్టిన నాలుగో రోజుకి అసలు మొత్తం పడింది. పరిహారం మాట ఎత్తలేదు, మళ్లీ అడిగితే సాయంత్రానికి 2,200 వేశారు, 22 రోజుల ఆలస్యానికి. అడక్కుండానే ఇవ్వాల్సిన డబ్బది, అదే నాకు ఇంకా కోపం.

30 రోజుల్లో తేలకపోతే బ్యాంకుల మీద ఫిర్యాదులు వినే రిజర్వ్ బ్యాంక్ అంబుడ్స్‌మన్‌కి వెళ్దామనుకున్నా, అవసరం పడలేదు. చెల్లి ఫీజు ఈ ఉదయం కట్టేశాం. దారి చూపించిన అందరికీ చాలా థ్యాంక్స్ అండీ.