9 ఏళ్ల బాబు దవడలో సిస్ట్: లోపలి పన్నును కాపాడుకోవచ్చా?

ప్రశ్న (బాబు తల్లి)
నమస్కారం. మా బాబుకు కింది దవడలో పుచ్చిన పాలపన్నుకు గతంలో పల్ప్ (పన్ను లోపలి మెత్తని భాగం) చికిత్స చేయించాము. ఇప్పుడు అక్కడే చిగురు బయటివైపు గట్టిగా ఉబ్బింది, నొప్పి మాత్రం లేదు. రెండు దవడలూ కనిపించే ఓపీజీ ఎక్స్‌రేలో, ఇంకా బయటికి రాని ప్రీమోలార్ (చిన్న దవడ పన్ను) చుట్టూ నల్లని గుండ్రటి నీడ కనిపించింది. డెంటిజెరస్ సిస్ట్ (బయటికి రాని పన్ను చుట్టూ ఏర్పడే, ద్రవం నిండిన తిత్తి) కావచ్చని, దానితోపాటు పన్నునూ తీసేయాలని ఒక డాక్టరుగారు చెప్పారు. చిన్న దారి తెరిచి ఉంచితే పన్ను దానంతటదే వస్తుందని మరొకరు అంటున్నారు. ఏ మార్గం సరైనదో దయచేసి చెప్పగలరు.

సమాధానం 1 (ఓరల్ సర్జన్)
అమ్మా, మీరు చెప్పిన లక్షణాలు డెంటిజెరస్ సిస్ట్‌కే ఎక్కువగా సరిపోతాయి. అయితే కెరటోసిస్ట్ అనే మరో రకం తిత్తి, అరుదుగా యూనిసిస్టిక్ అమెలోబ్లాస్టోమా అనే కణితి కూడా ఎక్స్‌రేలో అచ్చం ఇలాగే కనిపించవచ్చు కాబట్టి, ఏ పద్ధతి ఎంచుకున్నా తిత్తి గోడ నుంచి ముక్క తీసి బయాప్సీకి పంపించాల్సిందే. ఈ ఒక్క విషయంలో మీరు గట్టిగా పట్టుబట్టండి.

రెండో డాక్టరుగారు చెప్పినది మార్సుపియలైజేషన్. జర్మన్ సర్జన్ కార్ల్ పార్ట్ష్ 1892లోనే వివరించిన పద్ధతి ఇది. చెడిన పాలపన్నును తీసి, ఆ గుంత గుండానే తిత్తిలోకి దారి చేసి, అది పూడిపోకుండా అక్రిలిక్ ప్లగ్ అమరుస్తారు. లోపలి ద్రవపు ఒత్తిడి తగ్గేకొద్దీ తిత్తి కుంచించుకుపోయి, ఖాళీలో కొత్త ఎముక ఏర్పడుతుంది. తిత్తిని మొత్తంగా ఒలిచి తీస్తే పక్కనున్న పన్ను మొలకలకు, దవడ నరానికి దెబ్బ తగిలే ప్రమాదం ఉంటుంది. ఈ వయసులో ప్రీమోలార్ వేరు ఇంకా పూర్తిగా ఏర్పడి ఉండదు, అలాంటి పన్ను దానంతటదే పైకి వచ్చే అవకాశం బాగా ఎక్కువ. అందుకే పన్ను మరీ అడ్డంగా తిరిగి ఉంటే తప్ప, దాన్ని తీసేయడానికి నేను తొందరపడను.

సమాధానం 2 (పిల్లల దంతవైద్యురాలు)
పన్ను ఏ కోణంలో ఉందో, నరానికి ఎంత దగ్గరగా ఉందో సీబీసీటీలో (దవడకు తీసే త్రీడీ ఎక్స్‌రే స్కాన్) స్పష్టంగా తెలుస్తుంది. రేడియేషన్ తగ్గించడానికి అవసరమైన భాగం వరకే తీయమని అడగండి. ప్లగ్ ఉన్నన్నాళ్లూ లోపలి ఖాళీని రోజూ సెలైన్‌తో కడగాలి. ఆ పని ఇంట్లో సక్రమంగా జరగకపోతే ఆహారం చేరి చీము పడుతుంది. పాలపన్ను తీసిన చోటు మూసుకుపోకుండా స్పేస్ మెయింటెయినర్ కూడా పెట్టించాలి. కొన్ని నెలలు గడిచినా పన్ను కదలకపోతే, బ్రాకెట్ అతికించి మెల్లగా పైకి లాగే ఆర్థోడాంటిక్ చికిత్స ఉంది.

ప్రశ్న (బాబు తల్లి)
ఇద్దరికీ కృతజ్ఞతలు. బయాప్సీలో కెరటోసిస్ట్ అని వస్తే ఏం చేస్తారు?

సమాధానం (ఓరల్ సర్జన్)
అది మళ్లీ వచ్చే గుణం ఎక్కువగా ఉన్న సిస్ట్. అప్పుడు కూడా ముందు కుంచించుకుపోనిచ్చి, తర్వాత పొరను పూర్తిగా తీయవచ్చు. కానీ ఏళ్ల తరబడి ఎక్స్‌రేలతో గమనిస్తూ ఉండాలి. దవడల్లో ఒకటికి మించి ఉంటే గోర్లిన్ సిండ్రోమ్ అనే జన్యు సమస్య కోసం బాబును, కుటుంబాన్ని పరీక్షించాల్సి ఉంటుంది.