వనస్థలిపురం జింకల పార్కు: నడకకు, పిల్లలకు ఎలా ఉంటుంది?

హయత్‌నగర్_కొత్త
ఈమధ్యే హయత్‌నగర్ మారాం. నాన్నగారికి పొద్దున్నే నడవందే తోచదు. పిల్లలకేమో సెలవు వస్తే ఇంట్లో కాలు నిలవదు. హైవే పక్కన మహావీర్ హరిణ వనస్థలి బోర్డు రోజూ చూస్తున్నా. లోపల ఏముంటుంది? ఉయ్యాలలూ జారుడుబల్లలూ బాగుంటాయా? వెళ్లొచ్చినవాళ్లు చెప్పండి.

ఆటోనగర్_వాసి
ఉయ్యాలల కోసమే అయితే మీ కాలనీ పార్కు చాలండీ. ఇది పేరుకే పార్కు, నిజానికి అడవి. మొత్తం 3,605 ఎకరాలు. కేబీఆర్ పార్కు 390 ఎకరాలే, లెక్క వేసుకోండి. ఇంతలో మనం తిరిగేది ఒక మూల, మిగతాదంతా జంతువులదే. లోపలికి వెళ్లాలంటే సఫారీ వ్యాన్ ఎక్కాలి. కాస్త మంది పోగైతేగానీ అది కదలదు, ఓపిక పట్టాలి.

పాత_నగరం
చరిత్ర కూడా కాస్త చెప్తా. నిజాంల కాలంలో ఇదంతా వేట మైదానం. తర్వాత్తర్వాత కృష్ణజింకలు బాగా తగ్గిపోవడంతో 1975లో వాటి కోసం దీన్ని ప్రత్యేకంగా కేటాయించారు. మహావీరుడి 2,500వ నిర్వాణ ఉత్సవాలు జరిగిన రోజులవి, అందుకే ఆయన పేరు. తుపాకులు మోగిన చోటికి అహింస బోధించినాయన పేరు పెట్టడం నాకు భలే నచ్చుతుంది. 1994లో జాతీయ పార్కు అయింది. అంటే పశువుల్ని మేపడం, కట్టెలు కొట్టడం ఏదీ కుదరదు. నగరం నాలుగు వైపులా కమ్ముకొచ్చినా ఇంకా ఇంత నేల మిగిలిందంటే ఆ హోదా వల్లే.

సాయి_ఎల్బీనగర్
కృష్ణజింక మన రాష్ట్ర జంతువు కదన్నా?

పాత_నగరం
ఉమ్మడి రాష్ట్రంలో అదే తమ్ముడూ. ఇప్పుడు ఆంధ్రప్రదేశ్‌కి అదే. తెలంగాణ మాత్రం 2014లో చుక్కల జింకను ఎంచుకుంది. ఇక్కడ రెండూ కనిపిస్తాయి.

కెమెరా_బాబాయ్
పిల్లలకు ఆ రెండింటి తేడా ముందే చెప్పి తీసుకెళ్లండి, వాళ్లే వెతుక్కుంటారు. మగ కృష్ణజింకకు వీపు నల్లగా, పొట్ట తెల్లగా ఉంటుంది. కళ్ల చుట్టూ సున్నం రాసినట్టు తెల్లటి వలయం. కొమ్ములు మెలికలు తిరిగి రెండడుగుల దాకా పెరుగుతాయి, ఊడిపోవు. చుక్కల జింక కొమ్ములకు కొమ్మల్లా చీలికలుంటాయి, అవి ఊడి మళ్లీ మొలుస్తాయి. ఆడ కృష్ణజింక లేత గోధుమ రంగులో ఉంటుంది, సాధారణంగా కొమ్ములుండవు. ఎండు గడ్డిలో నిలబడితే తల తిప్పేదాకా ఉన్నట్టే తెలియదు. అడవి పందులు, ముళ్లపందులు, నెమళ్లు కూడా ఉన్నాయి. ముళ్లపంది రాత్రి తిరిగేది కాబట్టి దాని మీద ఆశ పెట్టుకోకండి.

పచ్చదనం_ప్రియ
అంతా బాగుంది కానీ చాలా చోట్ల తుప్పలూ బోడి నేలే. అంత స్థలం ఉంది, చెట్లు దట్టంగా నాటొచ్చు కదా?

కెమెరా_బాబాయ్
అక్కడే చిక్కండీ. కృష్ణజింక బయలు ప్రాంతాల జీవి. ప్రమాదం పసిగడితే దాక్కోదు, పరుగే దాని ఆయుధం. ఆ పరుగుకు చదునైన గడ్డి నేల కావాలి. దట్టంగా చెట్లు నాటితే మన కళ్లకు చల్లగా ఉంటుందేమో గానీ దాని ఇల్లు పోతుంది. మీకు బోడిగా కనిపించేదే దానికి మేత. అన్నట్టు, ఎవరూ బిస్కెట్లు, చిప్స్ వేయకండి. జింక గడ్డి తిని నెమరు వేసే జంతువు, వాటితో కడుపు చెడుతుంది. వదిలేసిన కవర్లు మింగితే ప్రాణానికే ముప్పు.

వాకింగ్_అత్తయ్య
మీ నాన్నగారి సంగతి ఎవరూ చెప్పలేదు బాబూ. నడకకు మంచిదే. మట్టి దారి కాబట్టి సిమెంటు మీద నడిచినట్టు మోకాళ్లు పట్టేయవు. వానాకాలం మాత్రం పాములుంటాయి, గడ్డిలోకి దిగొద్దనండి, చెప్పులు కాకుండా బూట్లు వేసుకోమనండి. వాకింగ్ వేళలు, పాస్ సంగతి, టికెట్ రేటు గేటు దగ్గర అడగండి, అవి మారుతుంటాయి. హైవే వైపు లారీల హోరు కాస్త ఎక్కువే. లోపలికి పోయేకొద్దీ తగ్గుతుంది.

హయత్‌నగర్_కొత్త
చాలా థాంక్స్ అందరికీ. ఈ సోమవారం నాకు సెలవు, అందరం కలిసి వెళ్దామనుకుంటున్నాం.

ఆటోనగర్_వాసి
సోమవారం మూసే ఉంటుందండీ! వేరే రోజు చూసుకోండి. ఆదివారం కూడా వద్దు, జనం గోలకు జింకలు దూరంగా జరిగిపోతాయి. ఎండాకాలమైతే మధ్యాహ్నం అసలు పోవద్దు, అవీ నీడన పడుకునే ఉంటాయి. పొద్దున్నే మొదటి వ్యాన్ అందుకోండి. తినేవి ఇంట్లోనే తినేసి, నీళ్ల సీసా మాత్రం పట్టుకెళ్లండి.

సాయి_ఎల్బీనగర్
బండి లేనివాళ్లు ఎల్బీ నగర్ మెట్రో దిగి విజయవాడ వైపు బస్సో ఆటోనో ఎక్కండి. హరిణ వనస్థలి అనే కంటే జింకల పార్కు అంటే ఎవరైనా దింపుతారు.